మూశాను అనేదాకా

ఎడమ చక్రాలు పెద్దన్నయ్యవి, కుడి చక్రాలు చిన్నన్నయ్యవి, బ్రేకు పెడలు నాది. నాన్న పోయిన రెండు నెలలకి మా మేనమామ వచ్చి చేసిన పంపకం ఇది. ఆయన ముప్ఫయ్యేళ్ళు సర్వేయరుగా పనిచేశాడు. ఏ గొడవైనా మధ్యలో గీత గీస్తే తీరిపోతుందని ఆయన నమ్మకం. మా బ్రేకుల షెడ్డులో షట్టరు దగ్గర్నుంచి వెనక గోడ దాకా పసుపురంగు గీత గీయించి, చేతులు దులుపుకుని, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి మా షెడ్డుకి వచ్చే బండి ఏదైనా గీత మీద, సరిగ్గా నడిమధ్యకి నిలబడాలి. అప్పుడే ఎడమ సగం పెద్దన్నయ్య వాటాలోకీ, కుడి సగం చిన్నన్నయ్య వాటాలోకీ వస్తాయి. బెత్తెడు తేడా వచ్చినా ఇద్దరూ పానా ముట్టుకోరు. బ్రేకులు పాడైన బండిని గీత మీద బెత్తెడు తేడా లేకుండా ఆపడం ఎలాగో మా మేనమామ చెప్పలేదు. జనం పాపం నలుగురిని పిలిచి తోయించుకుంటూ వచ్చేవాళ్ళు.

పైగా బ్రేకు ఆయిలు పడితే ఎంత ఖరీదైన పెయింటైనా పొక్కి లేచిపోతుంది. గీత ఏటా చెరిగిపోయేది, ఏటా మళ్ళీ వేసేవాళ్ళు. గీత వెడల్పు నాలుగంగుళాలు. ఎడమ రెండంగుళాలు ఒకరు వేస్తే, అది ఆరాక, కుడి రెండంగుళాలు ఇంకొకరు వేసేవాళ్ళు.

ఇంతకీ గొడవ ఎక్కడ మొదలైందంటే ఒక వీల్ సిలిండరు దగ్గర. వెనక చక్రం డ్రమ్ము విప్పితే లోపల పైభాగంలో రెండు బోల్టులతో బిగించి ఉంటుంది, గుప్పిట్లో ఇమిడిపోయే వస్తువు. పెడలు తొక్కగానే ఆయిలు అందులోకి వచ్చి రెండు వైపులా ఉన్న పిస్టన్లను బయటికి నెడుతుంది. అవి బ్రేకు షూలను డ్రమ్ముకేసి అదుముతాయి, బండి ఆగుతుంది. లోపలి రబ్బరు వాషర్లు అరిగిపోతే ఆయిలు కారి షూలు తడుస్తాయి. అప్పుడు బండి ఆగాలా వద్దా అని కాసేపు ఆలోచిస్తుంది.

నాన్న దీని గురించి చెప్పింది ఒకే ఒక్క వాక్యం. "లోపలి గోడ నున్నగా ఉంటే కడిగి, రుద్ది, రబ్బర్లు మార్చండి, గుంటలు పడితే పారేసి కొత్తది వెయ్యండి." ఆయన పోయాక ఈ వాక్యంలో ముందు సగం పెద్దన్నయ్యకి, వెనక సగం చిన్నన్నయ్యకి గుర్తుండిపోయాయి. ఒకడు దేన్నయినా కడుగుతాడు, ఇంకొకడు దేన్నయినా పారేస్తాడు. ఒక బండి దగ్గర కడగాలా మార్చాలా అని మాటా మాటా పెరిగి, "నాన్న మాట నువ్వెప్పుడు సరిగ్గా విన్నావు గనక" అని ఒకడంటే, "నువ్వు విన్నది చాల్లే" అని ఇంకొకడన్నాడు. అంతే. తొమ్మిదేళ్ళు మాటల్లేవు.

కాబట్టి మా దగ్గర బాగుపడిన ప్రతి బండికీ ఎడమ సిలిండరు పాతది, కుడి సిలిండరు కొత్తది. బ్రేకు వేస్తే బండి కొంచెం కుడికి లాగుతుంది. మా ఖాతాదారులందరికీ ఇది తెలుసు, బ్రేకు తొక్కేటప్పుడు స్టీరింగు ఎడమకి పట్టుకుంటారు. ఒకాయన కోపం వచ్చి వేరే చోట బ్రేకులు చేయించుకున్నాడు. అలవాటుగా ఎడమకి పట్టుకుని తిన్నగా క్షవరం షాపులోకి వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ మా దగ్గరికే వచ్చి గీత మీద నిలబడ్డాడు.

ఈ మొత్తంలో నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. కొత్త సిలిండరు వేసినా, పాతది కడిగి వేసినా, గొట్టాల్లో గాలి చేరుతుంది. గాలి ఉంటే పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది గానీ బ్రేకు పడదు. ఆ గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడలు మూడుసార్లు తొక్కి, నాలుగోసారి తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం వెనక నిప్పిలు, అంటే గాలి వదిలే చిన్న మర, తెరవాలి. ఆయిలూ గాలీ బుసబుసమని బయటికొస్తాయి, పెడలు నేల దాకా దిగిపోతుంది. నిప్పిలు మూసేదాకా సీట్లో ఉన్నవాళ్ళు కాలు ఎత్తకూడదు. ఎత్తితే బయట గాలంతా లోపలికి పోయి, చేసిందంతా బూడిదలో పోసినట్టే.

నాకు పన్నెండేళ్ళప్పుడు నాన్న నన్ను సీట్లో కూర్చోబెట్టి చెప్పాడు: "నేను మూశాను అనేదాకా కాలు ఎత్తకు. పూలదండలు పట్టుకుని మంత్రిగారొచ్చినా సరే, ఎత్తకు." నేను ఎప్పుడూ ఎత్తలేదు. ఒకసారి తేలు వచ్చింది. అప్పుడు కూడా ఎత్తలేదు.

మామూలుగా ఒక చక్రం తర్వాత ఒక చక్రానికి గాలి తీస్తారు. మా ఇంట్లో ఎవరిది ముందు అన్నది తేలదు గనక ఇద్దరూ ఒకేసారి తెరుస్తారు. ఎడమ నుంచి ఒక "తెరిచాను", కుడి నుంచి ఒక "తెరిచాను". ఎడమ నుంచి ఒక "మూశాను", కుడి నుంచి ఒక "మూశాను". రెండూ వినబడ్డాకే నా కాలు లేచేది. మిగతా మాటలూ నా మీదుగానే నడిచేవి. గాలి యంత్రం కుడి వాటాలో, బెంచి వైసు ఎడమ వాటాలో పడ్డాయి.

"చిట్టీ, ఆ పక్కాయన్ని గాలి గొట్టం ఇమ్మను."

"చిన్నన్నయ్యా, గాలి గొట్టం ఇమ్మంటున్నాడు."

"ఎందుకో కనుక్కో."

ఇద్దరి మధ్యా ఉన్న దూరం మూడు అడుగులు. ఒకరి మాట ఇంకొకరికి శుభ్రంగా వినబడుతుంది. అయినా నేను చెప్పేదాకా వినబడనట్టే నిలబడేవాళ్ళు.

ఇలా ఇన్నేళ్ళు కదలని బళ్ళలో కూర్చుని బ్రేకు తొక్కాక, కదిలే బండి నడపాలని నాకు పుట్టింది. పాలకి వెళ్తున్నానని చెప్పి తెల్లారుజామున లారీ డ్రైవింగు నేర్పే చోటికి వెళ్ళేదాన్ని. పాలు తేవడానికి గంటన్నర ఎందుకు పడుతోందని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగాలంటే ముందు ఇద్దరూ అనుకోవాలి కదా. పెద్ద బండి లైసెన్సు వచ్చింది. బస్సు డిపోలో డ్రైవరు పోస్టుకి పరీక్ష రాశాను, పాసయ్యాను. ఫలానా తేదీ మధ్యాహ్నం రెండు గంటల్లోగా అసలు సర్టిఫికెట్లతో డిపోలో హాజరు కావాలనీ, రాకపోతే జాబితాలో తర్వాతి మనిషిని పిలుస్తామనీ ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం ఇద్దరికీ విడివిడిగా చూపించాను.

"మంచిదే," అన్నాడు పెద్దన్నయ్య. కాసేపు సిలిండరు రుద్ది, "మరి నువ్వెళ్తే ఆ పక్కాయనకి నా మాట ఎవరు చెబుతారు?" అన్నాడు.

"నువ్వే చెప్పు."

సుత్తి మింగమన్నట్టు చూశాడు. చిన్నన్నయ్య దగ్గరా అదే ప్రశ్న, అదే జవాబు, అదే చూపు. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే.

ఆ తేదీ రానే వచ్చింది. పొద్దున్న తొమ్మిదింటికి, నేను సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుని బయల్దేరబోతుంటే, ఊళ్ళో పరుపులు అమ్మే పరుపుల బాబాయి వ్యాను వచ్చి గీత మీద నిలబడింది. నిలబడింది అంటే ఎదురుగా ఉన్న టైర్ల గుట్టని గుద్దుకుని ఆగింది. వెనక రెండు సిలిండర్లూ కారుతున్నాయి. బాబాయి లోపలి పరుపులు దింపలేదు, ఆయనా దిగలేదు. సీటు మీంచి వెనక్కి వెళ్ళి పై పరుపు మీద పడుకున్నాడు.

"ఇదొక్కటీ చేసి వెళ్ళు చిట్టీ," అన్నాడు పెద్దన్నయ్య.

"రెండు గంటల పని. ఇదొక్కటీ," అన్నాడు చిన్నన్నయ్య.

డిపోకి నడిస్తే పావుగంట. సరేనన్నాను. నా బుద్ధి తక్కువ.

పెద్దన్నయ్య ఎడమ సిలిండరు విప్పి, కడిగి, సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, వెలుతురుకి పెట్టి చూసి, మళ్ళీ కడిగాడు. మళ్ళీ చూశాడు. నాలుగుసార్లు. చిన్నన్నయ్య కొత్త సిలిండరు డబ్బా తెరిచి, ఇది సరిపోదని షాపుకి వెళ్ళి, అచ్చం అలాంటిదే ఇంకొకటి తెచ్చి, రెంటినీ పక్కపక్కన పెట్టి కొలిచి, మొదటిదే బిగించాడు. షూలు, స్ప్రింగులు, డ్రమ్ములు ఎక్కేసరికి పదకొండున్నర అయింది. నేను మాస్టర్ సిలిండరు డబ్బాలో ఆయిలు నింపి, ఎక్కి కూర్చున్నాను. మూడుసార్లు తొక్కాను. నాలుగోసారి తొక్కి పట్టుకున్నాను.

"తెరిచాను," అని ఎడమ నుంచి.

"తెరిచాను," అని కుడి నుంచి.

పెడలు నేలకి దిగింది. నేను "మూశాను" కోసం చూస్తూ కూర్చున్నాను.

అది రాలేదు.

ఎడమ అద్దంలో పెద్దన్నయ్య మోకాలు కనబడుతోంది. కుడి అద్దంలో చిన్నన్నయ్య భుజం కనబడుతోంది. రెండూ కదలడం లేదు.

"మూశారా?" అన్నాను.

"ఆ పక్కాయన మూశాడేమో కనుక్కో," అన్నాడు పెద్దన్నయ్య.

"చిన్నన్నయ్యా, మూశావా అంటున్నాడు."

"ముందు ఆయన్ని మూయమను."

"ముందు నిన్ను మూయమంటున్నాడు."

"నాకేం తొందర లేదని చెప్పు."

పావుగంట సేపు ఈ రాయబారం నడిపాక నాకు బుర్ర వెలిగింది. వీళ్ళిద్దరూ రెండు దాటేదాకా నన్ను ఈ సీట్లో కూర్చోబెడతారు. ముందుగా అనుకున్నది కాదు, అనుకోవడానికి వాళ్ళకి మాటలే లేవు. ఎవరికి వారు అనుకున్నది ఒకటే అయింది. తొమ్మిదేళ్ళలో మా అన్నయ్యలు ఏకమైన పని అదొక్కటే. నన్ను కట్టేసిన తాడు రెండు కొసల్నీ పావుగంట నుంచి అటూ ఇటూ అందిస్తున్నది నేనే.

ఏడుపొచ్చింది. ఆ వెంటనే కోపం వచ్చింది. కోపంతో కాలు ఇంకా గట్టిగా తొక్కాను. అలవాటు అలాంటిది.

పన్నెండున్నరకి కుడి కాలు తిమ్మిరెక్కింది. ఎడమ పాదాన్ని మెల్లగా కుడి పాదం మీదికి తెచ్చి, కింది పాదాన్ని లాగేసి, పెడలు వెంట్రుకంత కూడా లేవకుండా కాళ్ళు మార్చాను. వెనక నుంచి పరుపుల బాబాయి లేచాడు.

"అయిందా అమ్మాయ్?"

"మూయలేదు బాబాయ్."

"మంచిది, మంచిది. ఈ పరుపు అమ్మేద్దామనుకున్నాను గానీ ఇప్పుడు మనసొప్పడం లేదు," అని మళ్ళీ పడుకున్నాడు.

"ఓ కర్ర పెట్టనా పెడలుకి?" అని గట్టిగా అడిగాను.

"కర్రకి చెవులుండవు," అన్నారు ఇద్దరూ ఒకేసారి. అది నాన్న మాట. ఈ వాక్యం మాత్రం ఇద్దరికీ పూర్తిగా గుర్తుంది.

ఒంటిగంటకి పెద్దవదిన అన్నం తెచ్చింది. పెద్దన్నయ్యకీ చిన్నన్నయ్యకీ చక్రాల దగ్గరే కంచాలు పెట్టి, నా దగ్గరికి వచ్చి, కిటికీలోంచి ముద్దలు అందించింది. రెండో ముద్దకి నా మొహం చూసింది, ఫైలు చూసింది, డాష్‌బోర్డు మీది గడియారం చూసింది.

"ఎన్నింటికి వెళ్ళాలి నువ్వు?"

"రెండింటికి."

"మరి వెళ్ళవేం?"

"వాళ్ళు మూశాననలేదు వదినా."

"కాలు ఎత్తెయ్."

"గాలి పోతుంది."

"పోనీ. మళ్ళీ తీసుకుంటారు. చేతులున్నాయి, కాళ్ళున్నాయి, దేవుడు నోళ్ళు కూడా ఇచ్చాడు." ఇంకో ముద్ద పెట్టింది. "నేను ఈ ఇంటికొచ్చి ఏడేళ్ళయింది. నువ్వు నా పెళ్ళిలో కూడా కుడికాలు ఇలా తొక్కిపెట్టుకునే కూర్చున్నావు. ఫోటోలో ఉంది, చూడు."

ఖాళీ గిన్నె పట్టుకుని వెళ్ళిపోయింది. ఒంటిగంటా పాతిక అయింది.

నాన్న మాట మీరడం నాకు చిన్న సంగతి కాదు. కాలు ఎత్తితే బుస్సుమని గాలి లోపలికి పోతుంది, రెండు సిలిండర్లలో నిండుతుంది, పొద్దుట్నుంచీ చేసినదంతా పాడవుతుంది, అది నా వల్ల అవుతుంది. ఇరవయ్యేళ్ళలో నేను చెడగొట్టిన మొదటి పని ఇదే అవుతుంది. అవనీ అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. కాలు ఎత్తాను.

చప్పుడు లేదు.

పెడలు నా కాలి వెంట పైదాకా వచ్చేసింది. నమ్మలేక మళ్ళీ తొక్కాను. సగం కూడా దిగలేదు. రాయిలా ఆగిపోయింది. మా షెడ్డులో అంత గట్టి పెడలు నాన్న పోయాక నేనెప్పుడూ చూడలేదు.

తలుపు తెరిచి కిందికి వంగి చూశాను. రెండు చక్రాల కిందా కారిన ఆయిలు మీద దుమ్ము పేరుకుంది. రెండు నిప్పిళ్ళ మీదా రబ్బరు మూతలు కూడా పెట్టేసి ఉన్నాయి. మా అన్నయ్యలు ఎంత మొండివాళ్ళయినా పని దొంగలు కారు. తెరిచిన నిప్పిలు వదిలేసి కూర్చోవడం వాళ్ళ చేతులకి రాదు. పదకొండున్నరకి తెరిచి, ఆ నిమిషంలోనే మూసేశారు. మాట ఒక్కటే మిగుల్చుకున్నారు. రెండు గంటలుగా నేను తొక్కిపట్టుకున్నది ఆయిలునీ కాదు, గాలినీ కాదు.

దిగాను. చెప్పులు వేసుకున్నాను, ఫైలు తీసుకున్నాను. పెద్దన్నయ్య ఎడమ చక్రం వెనక, చిన్నన్నయ్య కుడి చక్రం వెనక, తిన్న కంచాలు పక్కన పెట్టుకుని, చేతుల్లో ఊరికే పానాలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఇద్దరూ ఒకేలా తల దించుకున్నారు. తిట్టాలనుకున్నాను. ఆ తలలు చూస్తే ఇద్దరికీ ఒకే చోట జుట్టు పలచబడింది, నాన్నకి పలచబడిన చోటే. తిట్టబుద్ధి కాలేదు. జాలేసింది, ప్రేమ కూడా పొంగింది, అయినా గడియారం ఒంటిగంటా ముప్ఫయ్యైదు చూపిస్తోంది.

"పెడలు నా వాటా," అన్నాను. "మీ ఇద్దరికీ ఇచ్చేస్తున్నాను. ఉమ్మడిగా."

గీత మీదే నడిచి షట్టరు దాటాను. రోడ్డు మీదికి వచ్చి పదడుగులు వేశానో లేదో, వెనక నుంచి బొంగురుపోయిన గొంతు వినబడింది. చాలాకాలం వాడని గొంతు కాదు, చాలాకాలం ఆ వైపుకి వాడని గొంతు.

"ఒరేయ్. మూశావా?"

పానా ఒకటి నేల మీద పడిన చప్పుడైంది.

"ఎప్పుడో మూశాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెబితే చెబుదామని."

"సరే, ఎక్కి తొక్కు. గట్టిగా ఉందో లేదో చూద్దాం."

"నువ్వు తొక్కు. నేను చూస్తాను."

"నేనెందుకు తొక్కుతాను? పెద్దవాణ్ణి."

"పెద్దవాడివి గనకే తొక్కమంటున్నాను. నీ కడిగిన సిలిండరు కారిందో లేదో నేను చూడాలి."

"కారిందా? నాది కారిందా? నీ కొత్తది చూసుకో ముందు."

"నాన్న ఏమన్నాడు? గుంటలు పడితే పారెయ్యమన్నాడు."

"నున్నగా ఉంటే కడగమన్నాడు."

"అబ్బాయిలూ, నేను తొక్కనా?" అన్నది పరుపుల బాబాయి గొంతు.

"నువ్వు పడుకో," అన్నారు ఇద్దరూ.

వీధిలో వాళ్ళు ఆగి షెడ్డు వైపు చూస్తున్నారు. అరుపులు పక్క వీధి దాకా వినబడుతున్నాయి. నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. తొమ్మిదేళ్ళ తర్వాత మా అన్నయ్యలు నా సాయం లేకుండా పోట్లాడుకుంటున్నారు. వెనక్కి తిరిగి చూడాలని ఎంతగానో అనిపించింది. తిరిగితే నన్ను చూస్తారు, చూస్తే ఒకడు "చిట్టీ, వాడికి చెప్పు" అంటాడు. తిరగలేదు. తిమ్మిరెక్కిన కాలుని ఈడ్చుకుంటూ పరుగెత్తాను.

రెండింటికి ఐదు నిమిషాలు ఉందనగా డిపో చేరాను. అక్కడి పెద్దాయన నా సర్టిఫికెట్లు తిరగేసి, నా చేతుల మీది ఆయిలు మరకలు చూసి, ఏమీ అడక్కుండా ఒక బస్సు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఓసారి ఆవరణ చుట్టూ తిప్పి చూపించు," అని పక్కన నిలబడి రిజిస్టరు తెరిచాడు.

బస్సు స్టార్టు చేశాను. గేరు వేసి ముందుకి పోనిచ్చాను. మలుపు దగ్గర ఆపమన్నాడు. బ్రేకు తొక్కాను. బస్సు కుడికీ లాగలేదు, ఎడమకీ లాగలేదు, తిన్నగా ఆగింది. పెద్దాయన ఏదో రాసుకుంటున్నాడు. నేను కాలు తొక్కిపట్టుకుని కూర్చున్నాను. ఎడమ అద్దంలోకి చూశాను. మోకాలు లేదు. కుడి అద్దంలోకి చూశాను. భుజం లేదు. ఖాళీ ఆవరణ, దాని చివర తెరిచిన గేటు, అంతే.

పెద్దాయన రాయడం ఆపి తలెత్తాడు.

"ఆగావేంటమ్మా? ఎవరన్నా రావాలా?"

"లేదండీ," అన్నాను. "ఎవరూ రానక్కర్లేదు."

కాలు ఎత్తాను. బండి కదిలింది.